ఊరు వెలివేసింది. కేసు పెట్టాలా, రాజీ పడాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. టీ కొట్టులో ఊరివాళ్లకు గాజు గ్లాసు, మీ ఎస్సీ పేటవాళ్లకు పేపర్ కప్పు. మీ కుర్రాళ్లు ఇదేంటని అడిగారు, మాటామాటా పెరిగింది. వారం తిరక్కుండా మీ పేటలో ఎవర్నీ పనికి పిలవడం మానేశారు. కౌలు చేలల్లోకి దిగొద్దన్నారు. కిరాణా కొట్టులో ఏం అడిగినా "అయిపోయింది" అంటున్నారు. ఇప్పుడు పెద్దమనుషులు రాజీకి రమ్మంటున్నారు. కేసు పెడితే నిలబడుతుందా, పెట్టాక ఊళ్లో బతకగలమా అని అడిగారు.

సూటిగా చెబుతాను. కేసు నిలబడుతుంది, పెట్టండి. కాకపోతే అందరూ పెట్టే దూషణ కేసులా పెట్టకండి, వెలి కేసుగా పెట్టండి. కేసు పెట్టిన వారంలోనే పేటలో పొయ్యి వెలగడానికి దారి చూసుకోండి. ఆ రెండో పని చేయని చోట మంచి కేసులు కూడా సాక్షులు జారిపోయి పోయాయి. రాజీ మాటలకు వెళ్లడంలో తప్పు లేదు, కాగితం మీద సంతకం మాత్రం ఇప్పుడే పెట్టొద్దు. ఎందుకో కింద రాస్తాను.

నేను జిల్లా కోర్టులో వకీలును. అట్రాసిటీ కేసుల్లో, అంటే ఎస్సీ, ఎస్టీల మీద జరిగే అత్యాచారాల కేసుల్లో, ఎక్కువగా బాధితుల తరఫునే నిలబడతాను, కాబట్టి ఇవి ఒక పక్షం నుంచి వస్తున్న మాటలేనని ముందే అనుకుని చదవండి.

చట్టం సంగతి ముందు. పనికి పిలవకపోవడం, సరుకు అమ్మకపోవడం నేరమా, ఎవరి పొలం వాళ్లిష్టం కదా అని మీ పేటలోనే కొందరు అంటున్నారని రాశారు. ఒక్క రైతు తన సొంత కారణంతో ఒక కూలీని పిలవకపోతే అది అతని ఇష్టమే. ఎస్సీలైనందుకు ఒక కుటుంబాన్నో, ఒక పేటనో కట్టగట్టి పనికీ వ్యాపారానికీ సేవలకూ దూరం పెడితే అది సాంఘిక, ఆర్థిక బహిష్కరణ. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(జెడ్‌సీ) కింద దానికి ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. వెలివేస్తామని బెదిరించినా అదే సెక్షన్. చట్టం 1989దే అయినా ఈ సెక్షన్ 2015 సవరణతో వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. టీ కొట్టు వ్యవహారం విడిగా ఇంకో నేరం. దుకాణంలోకి రాకుండా అడ్డుకోవడం, జనం అందరూ వాడే పాత్రలు వాడనివ్వకపోవడం 3(1)(జెడ్‌ఏ) కిందికి వస్తాయి. చేతికి పేపర్ కప్పు ఇస్తున్నాం కదా, అదే శుభ్రం కదా అని కొట్టువాళ్లు కోర్టులో అంటారు. అందరికీ పేపర్ కప్పే ఇస్తే ఆ మాట చెల్లుతుంది. మీకొక్కరికే ఇస్తే చెల్లదు.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను. వెలివేతను ప్రత్యేక నేరంగా చూడాలని అంబేద్కర్ 1930ల మొదట్లో, రౌండ్ టేబుల్ సమావేశాల నాడే అడిగారు. బర్మాలో 1922లో చేసిన బహిష్కరణ వ్యతిరేక చట్టం చూపించి, అలాంటిది అంటరానివాళ్ల కోసం కావాలన్నారు. కొట్టినవాడి మీద, చంపినవాడి మీద పెట్టడానికి మామూలు చట్టం ఉంది. కూలి ఆపి, నీళ్లు ఆపి మనిషిని లొంగదీసేవాడి మీద పెట్టడానికి ఏముందని ఆయన వాదన. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంలో బహిష్కరణ మాట ఉన్నా, దాన్ని అట్రాసిటీగా లెక్కించడానికి 2016 వచ్చింది. ఇంత ఆలస్యంగా వచ్చిన సెక్షన్‌ని మన స్టేషన్లు ఇప్పటికీ పెద్దగా వాడవు. అక్కడే మీకు మొదటి ఇబ్బంది ఎదురవుతుంది.

మీరు పిటిషన్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్తారు. అక్కడ ఫిర్యాదులు రాసే రైటర్ మీ కథంతా విని, అలవాటు కొద్దీ "కులం పేరుతో దూషించారు" అని రాసి ముగిస్తాడు. అంటే 3(1)(ఆర్), 3(1)(ఎస్). ఈ రెండు సెక్షన్లకూ నలుగురూ చూసే, వినే చోట జరిగిందని రుజువు కావాలి. నాలుగు గోడల మధ్య జరిగితే చెల్లదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టీ కొట్టు నలుగురూ ఉండే చోటే, నిజమే. కానీ అక్కడున్న ఊరివాళ్లు మీ తరఫున సాక్ష్యం చెప్పరు, మీవాళ్లు చెబితే కావాలనే చెబుతున్నారంటారు. చివరికి కేసంతా ఎవరు ఏ మాటన్నారు, ఎంత గట్టిగా అన్నారు అన్న దాని మీద తేలుతుంది. పేటకు పేటే పస్తులున్న సంగతి ఎఫ్ఐఆర్‌లో ఒక్క ముక్క ఉండదు. ఇలా దూషణ కేసుగా కుదించేసిన వెలి కేసులు నా దగ్గరికి చాలా వచ్చాయి. తర్వాత ఎంత మొత్తుకున్నా, మొదటి కాగితంలో ఎందుకు లేదనే ప్రశ్న వెంటాడుతుంది.

కాబట్టి ఫిర్యాదు మీరే ఇంటి దగ్గర రాసుకుని వెళ్లండి. తిట్టిన మాటలుంటే రాయండి, కానీ ముందు వెలి గురించి రాయండి. "ఊరివాళ్లు మమ్మల్ని వెలివేశారు" అన్న ఒక్క వాక్యం సరిపోదు. ఊరు అనే నిందితుడు ఉండడు. ఎవరి చేనులో ఎవరు ఎన్నేళ్లుగా పని చేస్తున్నారు, ఏ రోజు రావద్దన్నారు, ఏ మాట చెప్పి వద్దన్నారు, ఆ పక్కన ఎవరున్నారు అనేది ఒక్కో కుటుంబానికి ఒక్కో పేరాగా పెట్టండి. కొట్టులో సరుకు లేదన్న పది నిమిషాలకే అదే సరుకు ఇంకొకరికి అమ్మితే అది రాయండి. పాల కేంద్రంలో మీ పాలు వెనక్కి పంపితే, అంతకు ముందు నెల దాకా పోసినట్టు మీ దగ్గరున్న పాల పుస్తకం జత చేయండి.

వెలి కేసులో కష్టం ఏమిటంటే, వెలి అని ఎవడూ బయటికి అనడు. వెనకటిలా టముకు వేయించరు. ఒకరేమో మిషన్‌తో కోయిస్తున్నానంటాడు, ఒకరు పొలం అమ్మకానికి పెట్టానంటాడు, కొట్టువాడు స్టాకు లేదంటాడు. విడివిడిగా చూస్తే ఒక్కో మాటా నిజంలాగే ఉంటుంది. జడ్జిగారికి కనపడాల్సింది ఆ మాటలన్నీ ఒకే వారంలో, ఒకే పేట మీద, ఒకే గొడవ తర్వాత వచ్చాయన్నది. అందుకే తేదీలు అంత ముఖ్యం.

డెల్టాలో ఒక ఊరి కేసు చెబుతాను. అక్కడ నిందితులందరూ మాకేం తెలియదన్నారు. పేటలో డిగ్రీ చదివిన అమ్మాయి ఒకతె మొదటి రోజు నుంచి లాంగ్‌బుక్‌లో రాసి పెట్టింది. ఎవరి ఇంట్లో ఎవరు పనికి పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఆటోవాడు ఎక్కించుకోనంటే ఏ టైముకి అన్నాడు, అన్నీ. ఆ పుస్తకం ఒక్కటే అయితే గెలిపించదు. కానీ అందులోని తేదీకి సరిపోయేలా, మధ్యలో ఉన్న ఒక బీసీ రైతు నోరు విప్పాడు. పేటవాళ్లను కూలికి పిలిస్తే తప్పు కట్టాలని కట్టుబాటు పెట్టారనీ, తాను డబ్బు కట్టాననీ చెప్పాడు. అతని మాట, పుస్తకంలోని రాత కలిశాయి. జరిమానా కట్టిన మనిషి ఎవరైనా ఉన్నారేమో వెతకండి. వెలి వల్ల నష్టపోయేది మీరొక్కరే కాదు. కూలీలు దొరక్క కలుపు పెరిగిపోయిన సన్నకారు రైతు లోలోపల మండిపడుతూనే ఉంటాడు.

ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన హెచ్చరికలు ఉంటే ఆ ఫోన్‌ని అలాగే ఉంచండి. మెసేజ్ ఇంకొకరికి పంపేసి అసలుది చెరిపేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జత చేయాలి, అసలు ఫోన్ లేకపోతే అది చిక్కవుతుంది.

తేదీలూ, చోట్లూ, పేర్లూ అని ఇంతగా ఎందుకు అంటున్నానంటే చుండూరు గుర్తుకొస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అంతకు ముందు నెలలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ జరిగింది, ఆ తర్వాత దళితుల్ని పనుల్లోకి పిలవకుండా వెలి వేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ జరిపారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చనిపోయారు, ఎవరు కొట్టారు అన్నది ప్రాసిక్యూషన్ సరిగ్గా రుజువు చేయలేదని అంది. ఆ తీర్పు న్యాయమైనదని నేననుకోను. చేలల్లో తరుముతుంటే పారిపోయేవాడు గడియారం చూసుకోడు కదా. కానీ కోర్టు ఏం అడుగుతుందో అది చెప్పింది. మీకు ఆ పరిస్థితి లేదు, కూర్చుని రాసుకునే వ్యవధి ఉంది. ఇంకొకటి కూడా ఉంది. వెలి అనేది చాలాసార్లు ఆఖరి మెట్టు కాదు. అందుకే బెదిరింపులు ఏవైనా వస్తే చిన్నవని వదిలేయకుండా ఎస్పీకి రాసి పంపండి.

స్టేషన్‌లో మీకు వినిపించే మాటలు కొన్ని ముందే చెబుతాను. "ముందు ఎంక్వైరీ చేస్తాం, తర్వాత ఎఫ్ఐఆర్" అంటారు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది, అది చూపిస్తారు. అట్రాసిటీ చట్టంలో సెక్షన్ 18ఏ ఉంది, ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని స్పష్టంగా రాసి ఉంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ముందస్తు విచారణ పెట్టాలని తీర్పిస్తే, దేశమంతా ఆందోళనలు జరిగి, అదే ఏడాది పార్లమెంటు చేర్చిన సెక్షన్ ఇది. 2020లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. ఈ సంగతి మర్యాదగా చెప్పండి, అరవొద్దు. అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదు రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపండి, 14566 హెల్ప్‌లైన్‌కి చెప్పండి, ఆ తర్వాత కోర్టుకు రావచ్చు. తీసుకుంటే మీరు చెప్పింది రాసుకుని మీకు చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి, 60 రోజుల్లో ముగించాలి. ఎస్సైయే స్టేట్‌మెంట్లు రాసుకుంటే, డీఎస్పీగారు ఎప్పుడొస్తారని రాతపూర్వకంగా అడగండి. దర్యాప్తు తగిన హోదా లేనివాళ్లు చేశారన్న ఒక్క లోపం మీద కేసులు కూలిపోయాయి.

ఒక నిరాశ మాట కూడా చెప్పాలి. ఎఫ్ఐఆర్ కాగానే అందర్నీ జైల్లో వేస్తారని పేటలో ఆశపడుతుంటారు. ఈ చట్టం కింద ముందస్తు బెయిల్ లేదన్నది నిజమే. కానీ ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపడమే ఎక్కువ. మర్నాడు నిందితుడు అదే టీ కొట్టు దగ్గర కూర్చుని కనిపిస్తాడు. దానికి డీలా పడిపోతే కేసు అక్కడే సగం పోయినట్టు. ముందే అందరికీ చెప్పి ఉంచండి.

కౌంటర్ కేసు తప్పకుండా వస్తుంది. టీ కొట్టు దగ్గర మీ కుర్రాళ్లే కొట్టారనో, ఆడవాళ్లను ఏదో అన్నారనో పెడతారు. కంగారుపడొద్దు. ఎస్సీల మీద తప్పుడు కేసు పెట్టడం కూడా ఈ చట్టంలో నేరమే. కానీ మీ కుర్రాళ్లు ఇప్పుడు ఒక్క రాయి విసిరినా, ఫేస్‌బుక్‌లో ఒక్క బూతు రాసినా ఆ కౌంటర్ కేసుకు మీరే ప్రాణం పోసినట్టు. వాళ్లను కూర్చోబెట్టి గట్టిగా చెప్పాల్సింది పేటలో వాళ్లు మాట వినే పెద్దలే, నాలాంటి వకీళ్లు చెబితే వినరు.

ఇక బతుకు సంగతి. ఇది చట్టం కంటే పెద్ద విషయం. ప్రభుత్వ నష్టపరిహారం మీద ఆశ పెట్టుకుని రోజులు లెక్కపెట్టొద్దు. 2016 నిబంధనల ప్రకారం బహిష్కరణ కేసులో బాధితులకు లక్ష రూపాయలు, కానీ అది చార్జిషీట్ వేశాకే వస్తుంది. ఆపేసిన సేవలన్నీ తిరిగి అందేలా చూడాల్సిన బాధ్యత కూడా అదే నిబంధనల్లో ప్రభుత్వం మీద పెట్టారు. ఆ రెండో భాగాన్ని ఎవరూ అడగరు, మీరు అడగండి. కలెక్టర్‌కి అర్జీ పెట్టండి. అందులో ఆవేశం వద్దు, కోరికలు ఉండాలి. ఉపాధి పనులు ఈ పేటకు వెంటనే తెరవాలి, రేషన్ సరుకు పేటలోనే పంచాలి, పాలు తీసుకునే ఏర్పాటు చేయాలి, ఊరిని ఆర్డీవో, డీఎస్పీ స్వయంగా వచ్చి చూడాలి అని. పని కావాలని రాతపూర్వకంగా అడిగి రశీదు తీసుకోండి. అధికారులు ఒకసారి వచ్చి పేటలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఊళ్లో సగం వేడి దిగుతుంది. ఇది నేను చాలా చోట్ల చూశాను. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవతో దళితులకు కౌళ్లు, కూలి పనులు ఆగిపోయినప్పుడు కూడా, రాష్ట్రమంతా ఆ ఊరి వైపు చూశాకే అధికారుల్లో కదలిక వచ్చింది.

కౌలు గురించి విడిగా అడిగారు. నోటిమాట కౌలు అయితే, పంట లేని భూమిని వచ్చే ఏడాది ఇవ్వననడాన్ని ఒంటరిగా కేసు చేయడం కష్టం, వెలిలో భాగంగా చూపించొచ్చు. పంట నిలబడి ఉండగా దిగనివ్వకపోతే కథ వేరు. చేనులో నిలబడి ఫొటోలు తీయండి, ఎరువుల బిల్లులు వెతకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే 11 నెలల సాగుదారు హక్కు పత్రం ఎవరికైనా ఉంటే అది బంగారం. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టా భూమిలోంచి తరిమితే అది మళ్లీ వేరే సెక్షన్.

ఒక సున్నితమైన విషయం, మీరు అడగలేదు గానీ చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. కోస్తాలో మన పేటల్లో చర్చి లేనిది ఎక్కడ? 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టర్‌గా పనిచేస్తున్న ఒకాయన పెట్టిన అట్రాసిటీ కేసును ఈ కారణంతోనే కొట్టేసింది. వెలివేసేవాళ్లు మీ కులం చూసి వేస్తారు, మతం అడిగి వేయరు. అయినా చట్టం ఇప్పటికి ఇలా ఉంది. అందుకని ఫిర్యాదు మీద సంతకం ఒక్కరిదే కాకుండా చాలా కుటుంబాలవి ఉండాలి, ఒక్కొక్కరి కుల ధ్రువీకరణ పత్రం ముందే చూసుకోవాలి. మీ పేటలో మాల, మాదిగ కుటుంబాలు రెండూ ఉన్నాయని రాశారు. రెండు వైపుల నుంచీ సంతకాలు ఉండేలా చూడండి. ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచే వర్గీకరణ గొడవల తర్వాత ఈ చీలిక తేలిగ్గా దొరుకుతోంది. కొందరిని పనికి పిలిచి, కొందరిని ఆపి వెలిని విడగొడతారు.

చివరగా రాజీ. పెద్దమనుషులు పిలిస్తే వెళ్లండి, ఒంటరిగా వద్దు. కానీ ఒకటి తెలుసుకోండి, అట్రాసిటీ నేరాలు రాజీ చేసుకోదగ్గవి కావు. స్టేషన్‌లో రాసుకున్న రాజీ కాగితంతో కేసు పోదు. హైకోర్టు కొన్ని కేసుల్లో కొట్టేయొచ్చు, అది ఆ కోర్టు చూసి చేసే పని. మరి ఆ కాగితం ఎందుకంటారు? రేపు మీరు కోర్టులో నిజం చెబితే "ఆ రోజు అంతా అబద్ధమని రాసిచ్చావు కదా" అని అడగడానికి. "కోపంలో కేసు పెట్టాం, అలాంటిదేం జరగలేదు" అన్న వాక్యం ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

నా అభిప్రాయం అడిగితే, మీరు కోరుకోవాల్సింది నలుగురు జైలుకెళ్లడం మాత్రమే కాదు. అందరికీ ఒకే గ్లాసు, మునుపటిలా కూలి, పాలు, సరుకు, నిలబడిన పంట మీ చేతికి. ఇవి ఊళ్లో నిజంగా జరిగి, కొన్ని నెలలు నిలిస్తే, తర్వాత కేసు విషయం మీ వకీలుతో మాట్లాడుకోవచ్చు. ముందు కేసు తీసేయండి, తర్వాత అన్నీ చూద్దాం అంటే మాత్రం లేచి వచ్చేయండి. 1985లో కారంచేడులో దళితుల్ని చంపిన తర్వాత అక్కడి దళితులు చీరాల చేరి అక్కడే ఉండిపోయారు. ఆ ఊరికి తిరిగి వెళ్లం అనడం వాళ్ల ఆత్మగౌరవం. మీరు ఊళ్లోనే ఉంటాం అంటున్నారు, అదీ ఆత్మగౌరవమే, దానికి ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పటికే పదిహేను రోజులు దాటిపోయాయి, ఆలస్యమైందా అని కింద వ్యాఖ్యలో అడిగారు. వెలి కొనసాగుతున్నంత కాలం నేరం కొనసాగుతున్నట్టే. ఇన్నాళ్లు ఎందుకు ఆగారో ఫిర్యాదులోనే రాయండి. పెద్దమనుషుల మాట కోసం ఆగాం అనేది మంచి కారణమే, నిజం కూడా. నిందితులు బెయిల్‌కి వేస్తే మీకు నోటీసు రావాలి, మీ మాట వినాలి, అది సెక్షన్ 15ఏ ఇచ్చిన హక్కు. కోర్టుకు వచ్చే సాక్షులకు దారి ఖర్చులు, రోజు భత్యం ఇవ్వాలని కూడా నిబంధన ఉంది. అడిగితేనే ఇస్తారు, వాయిదా రోజునే అడగండి. ఫిర్యాదు రాశాక పేర్లు, ఊరి పేరు తీసేసి ఇక్కడ పెడితే ఒకసారి చూసి చెబుతాను.